శుక్రవారం మొరాయించే కాటా

"సార్, మీ సాఫ్ట్‌వేర్ మళ్ళా నిలబడిపోయింది. ఈసారి నేనేమీ నొక్కలేదు. ముందే చెప్తా ఉండాను."

"గుడ్ మార్నింగ్ మేడం."

"గుడ్డూ లేదు, మార్నింగూ లేదు. ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉండాయి. డ్రైవర్లు నన్ను సూసే సూపుకు ఈ కాటా గది అద్దం పగలాల్సింది, ఎట్లనో నిలబడి ఉండాది."

"తెర మీద ఏం పడిందో ఉన్నదున్నట్టు చదవండి."

"డేటాబేస్ ఈజ్ లాక్డ్. ఎన్ని సార్లు చదవమంటారు? నిద్రలో లేపి అడిగినా చెప్తాను."

అవతల నవ్వు వినిపించింది. లోకేశ్వరికి ఒళ్ళు మండింది. ఆ నవ్వు ఇంకొంచెంసేపు ఉంటే బాగుండునని కూడా అనిపించింది. దాంతో ఇంకా మండింది.

పాకాల ఊరి చివర ధనంజయ మామిడి మండీ అంటే ఆ చుట్టుపక్కల తెలియని రైతు లేడు. వచ్చిన బండిని కాటా మీద ఎక్కించడం, బరువు చూడడం, చీటీ రాసివ్వడం, అంతా కాగితం మీదే ఏళ్ళ తరబడి నడిచింది. తిరుపతిలో కంప్యూటర్లు చదివి వచ్చిన కూతురు లోకేశ్వరి, తండ్రిని బతిమాలి, అలిగి, రెండు పూటలు అన్నం మానేసి, ఈ ఏడు చీటీల బదులు కంప్యూటరు టోకెన్లు పెట్టించింది. కాటా గదిలో ఒక తెర, ఆఫీసు గదిలో ఒక తెర. ఎక్కడ కొట్టినా టోకెన్లన్నీ పడేది ఆఫీసు కంప్యూటరులోని ఒకే ఒక్క ఫైలులో. ఆ ఫైలే డేటాబేసు. పెద్ద సర్వర్లు, ఏసీ గదులు దానికి అక్కర్లేదు.

ఆ సాఫ్ట్‌వేరు రాసినవాడు మునికుమార్. సొంతూరు వడమాలపేట. తిరుపతిలో ఫొటో ఫ్రేముల అంగడి పైన, మిద్దె మీద చిన్న గదిలో స్నేహితుడితో కలిసి ఇలాంటి పనులు చేస్తుంటాడు.

"ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి మేడం."

"అది మా అవ్వ కూడా చెప్తాది. మీరెందుకు?"

ఆపి ఆన్ చేస్తే కాసేపు నడిచేది. మళ్ళీ నిలిచిపోయేది. ఏ దేవుడికి మొక్కుకుంటే నడుస్తుందో, ఎవరి దిష్టి తగిలితే ఆగుతుందో తెలిసేది కాదు.

అది కాక రోజుకొక ప్రశ్న ఉండేది లోకేశ్వరి దగ్గర.

"సార్, మీ డేటాబేసు మరీ మెతకది. బరువు కొట్టాల్సిన చోట మా నాయన 'నీలం రకం కాయ, బాగుండాది' అని కొట్టినాడు. నోరు మూసుకుని తీసేసుకునింది!"

"దాని గుణమే అంత మేడం. ఆ గడికి అంకె అని పేరు పెట్టినా, అక్షరాలిస్తే కాదనదు. మనమే కట్టడి పెట్టాల."

"పెట్టండి మరి."

"డేటాబేసుకు పెడతాను. మీ నాయనకు?"

"ఆయనకు కట్టడి పెట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదులే."

ఇంకొక రోజు: "ట్రయలు టోకెన్లన్నీ తుడిచేసినాను సార్. ఫైలు ఇంత కూడా సన్నబడలేదు. ఏంది కత?"

"తుడిచిన చోటును అట్లే ఖాళీగా పెట్టుకుంటాది, తర్వాత వచ్చేవాళ్ళ కోసం. సన్నబడాలంటే వ్యాక్యూమ్ అని ఒక కమాండు ఇవ్వాల. మేడం, ఈ సార్ అనేది మానెయ్యరాదా?"

"అన్నా అనమంటారా?"

"వద్దు వద్దు! సారే బాగుండాది."

లోకేశ్వరి ఫోను పెట్టేసి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, అప్పుడు నవ్వుకుంది.

నిలబడిపోయే జబ్బు మాత్రం తగ్గలేదు. మునికుమార్ ఒక బుధవారం బైకు వేసుకుని వచ్చాడు. కాటా చక్కగా నడిచింది. ఒక ఆదివారం వచ్చాడు. గుర్రంలా నడిచింది. రెండుసార్లూ లోకేశ్వరి నాయనమ్మ జ్ఞానాంబ అతనికి రాగి సంగటి, ఊరిబిండి పెట్టి, అడక్కుండానే ఇంకో ముద్ద వేసింది. ధనంజయ పంచె ఎగ్గట్టి నిలబడి నవ్వాడు.

"ఈయప్ప వస్తే బాగైపోతాది, పోతే నిలబడిపోతాది. ఈయప్పనే ఈడ గుంజకు కట్టేస్తే సరిపాయె."

మునికుమార్ చెవులు ఎర్రబడ్డాయి. లోకేశ్వరి గబగబా కాటా గదిలోకి వెళ్ళిపోయింది.

కానీ సీజను ముదిరే కొద్దీ ధనంజయ నవ్వు తగ్గింది. తోతాపురి కాయ జ్యూస్ ఫ్యాక్టరీకి పోవాలి. కాటా దగ్గర బండి ఎండలో ఆగినంతసేపూ కాయ మెత్తబడుతుంది. రైతులు మాటలు మొదలుపెట్టారు. ఆ గురువారం సాయంత్రం ధనంజయ చేతులు కడుక్కుంటూ తాపీగా చెప్పాడు.

"రేపు గాని నిలబడితే ఎల్లుండి నుంచి పాత చీట్లే పాపా. ఆదివారం నాయుడుపేట వాళ్ళను రమ్మంటాను. పిల్లోడు ఆడ కంపెనీలో సూపర్‌వైజరంట. పెండ్లి చేసుకుని పొయ్యే పిల్లకు కాటా గదిలో ఏం పని?"

లోకేశ్వరి కంచంలోని సంగటిని వేలితో అటూ ఇటూ తిప్పింది. నాయుడుపేట పిల్లవాడి మీద ఆమెకు కోపం లేదు, అతన్ని చూసింది కూడా లేదు. ఆ కాటా గది పోతుందనే బాధ. ఇంట్లో ఆమె ధనంజయ కూతురు. ఆ గదిలో మాత్రం మీసాలు నెరిసిన రైతులు కూడా "పాపా, నువ్వే సూసి చెప్పు" అంటూ కిటికీ దగ్గర నిలబడతారు.

ఆమె ఫోను తీసింది. ఈసారి వెటకారం రాలేదు.

"రేపు వస్తారా?"

"పొద్దున్నే వస్తాను."

అంతే. ఎందుకని అతను అడగలేదు.

శుక్రవారం మునికుమార్ వచ్చేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంది. బండ్లు వరుసగా కాటా ఎక్కి దిగుతున్నాయి. లోకేశ్వరి ఒక్కొక్క టోకెనుకూ ఊపిరి బిగబట్టి బటను నొక్కుతోంది. నాలుగు బండ్లు దాటాయో లేదో, తెర మీద ఆ పాడు మాట పడింది.

"చూసినారా! మీ కండ్ల ముందరే!" ఆమె కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఏడవాలో సంతోషపడాలో తెలియలేదు. ఇన్నాళ్ళకు సాక్షి దొరికాడు.

మునికుమార్ కీబోర్డు ముట్టుకోలేదు. "ఈ ఫైలును ఎంతమందైనా ఒకేసారి చదవచ్చు. రాసేటప్పుడు మాత్రం ఒక్కరే రాయాల. ఎవరో రాయడానికి పట్టుకుని వదలకుండా ఉండారు. లోకేశ్వరి గారూ, ఇది రోజూ నిలబడదు కదా. నిలబడిన రోజుల్లో మీ ఇంట్లో వేరేగా ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఏదైనా సరే."

"ఏం జరుగుతాది? పొద్దున్నే వస్తాను, కూర్చుంటాను. నిలబడిపోతాది. మీకు ఫోను చేస్తాను. పోయినసారి మీతో పోట్లాడేటప్పుడు నోట్లో పొంగలి ఉండె, సరిగ్గా తిట్టలేకపోతిని. అంతకు ముందూ..." ఆమె ఆగిపోయింది. "అంతకు ముందూ పొంగలే."

"పొంగలా?"

"ప్రసాదం! మంగళవారం, శుక్రవారం మా అవ్వ గంగమ్మకు పొంగలి పెడతాది. నిలబడిన రోజల్లా నేను ప్రసాదం తినే ఉండాను! పొంగలి పెట్టిన రోజు అవ్వ ఆఫీసు గదిలోనే కూర్చుంటాది!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి తలుపు దగ్గరకు పరిగెత్తి, భుజాలు గుద్దుకుని, మునికుమార్ "మీరు పోండి", లోకేశ్వరి "మీరు పోండి" అనుకుని, చివరకు ఆమే ముందు దూకింది.

ఆఫీసు గదిలో జ్ఞానాంబ కంప్యూటరు ముందు భక్తిగా కూర్చుని ఉంది. తెర మూలకు పసుపు, కుంకుమ. తెర మీద కొత్త టోకెను ఫారం తెరిచి ఉంది. రైతు పేరు అన్న చోట, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టిన పేరు: గంగమ్మ. కింద సేవ్ బటను నొక్కకుండా అలాగే ఉంది.

"అవ్వా, ఏంది ఇది?"

"ఏందేంది? మీ తాత నాటి నుంచి ఉండేదే కదా. మంగళారం, సుక్కురారం పొంగలి పెట్టినాక ఒక సీటీ అమ్మవారి పేరు మీద తెరవాల. ఆఖరి బండి పొయ్యేదాకా మూయకూడదు. మూస్తే మండీ మూసినట్టే. కాగితం పాయెనని అమ్మవారు కూడా పోతాదా? మీ నాయన నేర్పిస్తే నేర్చుకున్నా. మద్దెలో ఎవరో తుడిసేస్తా ఉండారు, మళ్ళా మళ్ళా కొట్టలేక సస్తా ఉండాను."

ఆ తుడిచేది ఎవరో లోకేశ్వరికి తెలుసు. కాటా గదిలో కూర్చునే రెండు తెరల్లోని ప్రోగ్రామునూ ఆపి ఆన్ చేసేది తనే.

బయట హారన్లు మొదలయ్యాయి. ధనంజయ లోపలికి వచ్చాడు. తెరిచిపెట్టిన ఫారమే బండ్లను ఆపుతోందని ఒక్క చూపులో అర్థమైంది. మొహం జేవురించింది.

"అయితే ఇంతకాలం మా యమ్మ నిలబెట్టిందా నా మండీని!"

జ్ఞానాంబ మౌసును గట్టిగా పట్టుకుంది. లోకేశ్వరి మునికుమార్ వైపు చూసింది. తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి దారి అతనికి దొరకదు. నా సాఫ్ట్‌వేరు సుబ్బరంగా ఉండాది, మీ ఇంటివాళ్ళే వాడడం తెలీక పాడుచేసినారు అంటే చాలు, మాట నిలబడుతుంది, పేరు నిలబడుతుంది.

"తప్పు నాది సార్," అన్నాడు మునికుమార్.

"నీదా?"

"ఫారం తెరిచీ తెరవగానే రాసే హక్కు పట్టుకునేట్టు పెట్టినాను. రెండు తెరల్లో ఒకే నంబరు పడకూడదని. అది తప్పు. సేవ్ కొట్టేటప్పుడు ఒక్క క్షణం పట్టుకుని వదిలేయాల. ఫారం పొద్దంతా తెరిచి పెట్టేవాళ్ళు ఉంటారని నాకు తోచలేదు. తోచాల్సింది. అవ్వ తప్పు లేదు. లోకేశ్వరి తప్పు అసలే లేదు."

గారూ లేదు, మేడమూ లేదు. ఉత్త లోకేశ్వరి. ఆమె గుండె ఒక మెట్టు దిగబోయి జారినట్టయింది.

"బాగు చేయడానికి ఎంతసేపు?"

"టీ తాగేంతసేపు. కానీ ప్రోగ్రాము ఒకసారి మూసి తెరవాల."

"మూయనియ్యను," అంది జ్ఞానాంబ. "నన్ను ఈడ్నించి లేపి పొయ్యిలోకి తోసినా మూయనియ్యను."

"అమ్మా!"

అప్పుడే చినుకులు పడ్డాయి. ముందు నాలుగు, తర్వాత రేకుల మీద చప్పుడు చేస్తూ జోరుగా. బయట రైతులు టార్పాలిన్లు లాగుతూ అరుస్తున్నారు. ధనంజయ నెత్తి పట్టుకున్నాడు.

లోకేశ్వరి బీరువా తెరిచి పాత చీటీల కట్టలోంచి ఒక తెల్ల చీటీ లాగింది. పైన గంగమ్మ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద బరువు చోటు ఖాళీగా వదిలి, అవ్వ చేతిలో పెట్టింది.

"చీటీ తెరిచినట్టే కదా అవ్వా? ఆయన బాగు చేసేంతవరకూ అమ్మవారు దీని మీద ఉంటాది. కంప్యూటరు లేచినాక నీ చేత్తోనే మళ్ళా ఆడికి మార్చు. మధ్యలో ఒక్క నిమిషం కూడా మూసినట్టు కాదు."

జ్ఞానాంబ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కళ్ళకద్దుకుంది. తడవకుండా చీటీని కొంగులో దాచుకుని కుర్చీలోంచి లేచింది.

"కానియ్ నాయనా."

మునికుమార్ కూర్చున్నాడు. వేళ్ళు ఆగలేదు. లోకేశ్వరి అతని వెనక నిలబడి, అతను తీసేసిన వరుసలనూ కొత్తగా రాసిన వరుసలనూ చదువుతూనే ఉంది. "అక్కడ కామా తప్పింది," అంది ఒకసారి. అతను వెంటనే సరిచేశాడు. ప్రోగ్రాము మూశాడు, తెరిచాడు. జ్ఞానాంబ వచ్చి కూర్చుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ అమ్మవారిని తిరిగి తెరకెక్కించి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఇద్దరూ వానలో పడి కాటా గదికి పరిగెత్తారు. కాటా మీద ముందరి బండి, లోకేశ్వరి చూపుడు వేలు బటను మీద.

"నొక్కు," అన్నాడు మునికుమార్.

"భయంగా ఉండాది."

"నేనుండాను, నొక్కు."

నొక్కింది. ప్రింటరు కిర్రుమని టోకెను కక్కింది. ఇంకోటి. ఇంకోటి. బండ్లు కదిలాయి. ట్రాక్టరు మీద నుంచి ఎవరో ఈల వేశారు. లోకేశ్వరి ఉత్సాహంలో మునికుమార్ చెయ్యి పట్టుకుని ఊపేసి, పట్టుకున్నది ఎవరి చెయ్యో గుర్తొచ్చి వదిలేసింది. వదిలాక కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"ఒక మాట చెప్పాల," అన్నాడు అతను. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "బుధవారం, ఆదివారం రావాల్సిన పని లేదు. తిరుపతి నుంచే కనెక్ట్ అయి చూడొచ్చు. మీకు చెప్పలేదు. నిన్ను చూడాలని వచ్చినాను."

"తెలుసు."

"తెలుసా?"

"నేనూ చదివింది కంప్యూటర్లే కదా. రిమోట్‌లో చూడొచ్చని తెలీదా? తుడిచినాక ఫైలు ఎందుకు సన్నబడదో కూడా తెలుసు. వ్యాక్యూమ్ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను."

"మరి నన్నెందుకు అడిగినావు?"

లోకేశ్వరి తెర వైపు తిరిగి ఇంకో టోకెను కొట్టింది. "నువ్వు ఎట్ల చెప్తావో వినాలని." చెవి కమ్మ పక్కన మెడంతా ఎర్రబడింది. "బండ్లు పోతా ఉండాయి. నన్ను మాట్లాడించబాక."

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. నెత్తిన తువ్వాలు వేసుకుని ధనంజయ. ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు.

"ఏమప్పా, వడమాలపేటలో మీ నాయన ఏం చేస్తాడు?"

మునికుమార్ నిటారుగా నిలబడ్డాడు. "నాయన లేడు సార్. అమ్మ చంద్రకాంతమ్మ, బట్టలు కుడతాది."

"తప్పు నాదని మా అందరి ముందర చెప్పేదానికి నోరు ఎట్లొచ్చె నీకు?"

"నాదే కదా సార్."

ధనంజయ నెత్తి మీది తువ్వాలు తీసి పిండాడు. "ఆదివారం మీ యమ్మకు తీరికేనా?"

"నాయనా!" లోకేశ్వరి కుర్చీలో గిర్రున వెనక్కి తిరిగింది. "ఆదివారం నాయుడుపేట వాళ్ళు కదా?"

"రావద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పినా. మీ అవ్వ చెప్పమనింది. ఆమె మాట వినకపోతే మళ్ళా యాడ ఏం తెరిచి పెడతాదో."

మునికుమార్ నవ్వు ఆపుకోలేకపోయాడు. లోకేశ్వరి నవ్వలేదు. తెర వైపు, కాటా వైపు, తండ్రి వైపు చూసింది.

"వాళ్ళ యమ్మను రమ్మను నాయనా. కానీ పెండ్లయినా నేను ఈ గది వదలను. అది ముందే తెలియాల."

"నేను యాడ కూర్చుని రాసినా ఒకటే," అన్నాడు మునికుమార్ వెంటనే. "పాకాలలో కూర్చుంటాను."

"ఆదివారం బండ్లు ఎక్కువ," అంది లోకేశ్వరి. "నేను ఇంట్లో పట్టుచీర కట్టుకుని కూర్చోలేను. చూపులు ఈడనే జరగనీ. కోడలు ఏం పని చేస్తాదో ఆమె చూడాల కదా."

"పెండ్లి చూపులు కాటా గదిలోనా!" ధనంజయ కూతురి మొహంలోకి చూశాడు. తర్వాత తలుపు బయటికి తల పెట్టి, వాన చప్పుడును మించి కేక వేశాడు.

"ఒరే, ఆదివారానికి కాటా గదిలో ఇంకో నాలుగు కుర్చీలు వెయ్యండిరా! మంచివి చూసి వెయ్యండి!"