పెద్దాఫీసు ఎనుక వరండా

పొద్దుగూకినంక రాళ్లగుట్టలో బొగ్గు కంపెనీ పెద్దాఫీసు ఎనుక తొవ్వ పట్టాలంటే మొగోళ్లు సుత ఎనుకాడేటోళ్లు. ఊరు మొత్తానికి అదొక్కటే రెండంతస్తుల మేడ. ముందట పూలమొక్కలు, గుమస్తాలు, టైపు మిషన్ల చప్పుడు. ఎనుక మాత్రం బండలు పరిచిన పొడుగాటి వరండా... రాత్రయితే అక్కడ ఎవరో సన్నగ పిలుస్తరట. జవాబు కోసం ఆగుతరట. మళ్ల పిలుస్తరట.

ఇది పందొమ్మిది వందల అరవై ఒకటి నాటి ముచ్చట. రాళ్లగుట్ట అంటే బెల్లంపల్లికి అవుతల, అడవి అంచుకున్న బొగ్గు ఊరు.

అంతకు ఏడేండ్ల కింద అక్కడి గనిలో నిప్పంటుకొని పదకొండు మంది పోయిండ్రు. తొమ్మిది పీనుగులను పైకి తెచ్చి ఆ బండల మీదనే వరుసగా పండవెట్టిండ్రు. ఇద్దరు దొరకలే. మంట పాకుతదని కంపెనీ పెద్దాఫీసు కింది దాంక పోయిన ఆ సొరంగానికి అడ్డంగా గోడ కట్టి మూసేసింది.

అయితే దయ్యం పుట్టింది అప్పుడు కాదు... పదిహేను రోజుల కిందనే. పుట్టిచ్చింది దశరథం.

దశరథం కంపెనీలో నక్షాలు గీసే గుమస్తా. నెమ్మదైన మనిషి, ఎవ్వల జోలికి పోడు. పాత ఆఫీసు కూలగొట్టి అదే జాగల ఐదంతస్తుల మేడ లేపాలని కంపెనీ అనుకున్నది. నక్షా ఆయనే గీసిండు. మునిసిపాలిటీ మంజూరు ఒక్కటే తక్కువ.

గనిలో మొగుళ్లను పోగొట్టుకున్న ఆడోళ్లు ఏలిముద్రలు వేసిన దరఖాస్తు ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టిండ్రు. మేడ కట్టుకోండ్రి, మా వరండా ఉంచుండ్రి, పదకొండు పేర్లు రాయి మీద చెక్కియ్యుండ్రి — అంతే అందులో ఉన్నది. మునిసిపాలిటీకి అందిస్తనని దశరథం మాటిచ్చిండు.

మేనేజరు దాన్ని చూసి, "ఇది ఫైల్లో ఉండొద్దు," అన్నడు.

దశరథం దాన్ని మడత పెట్టిండు. బీరువాలో పాత నక్షాల కింద పెట్టి తాళమేసిండు.

ఆ ఆడోళ్లు రోజూ మాపటీలి వచ్చి వరండాలో కూసుంటున్నరు. "ఏదన్న చెప్పి వాళ్లను రాకుంట చెయ్యి," అన్నడు మేనేజరు. దశరథం చాయ్ హోటల్లో కూసొని, గొంతు తగ్గించి చెప్పిండు... రాత్రి ఆ బండల మీద ఒళ్లంత మసి వట్టిన మనిషిని సూసిన అని.

రెండు రోజుల్లో ఊరంత పాకింది. ఆడోళ్లు రావుడు బందైంది. కానీ కూలగొట్టుడుకు వచ్చిన కూలీలు సుత బందైండ్రు. అబ్బాస్ మేస్త్రి మేనేజరు ముందట నిలబడి, "సాబ్, మావోళ్లు పలుగు పట్టరు. రాత్రిపూట నిజంగనే పిలుపు ఇనవడుతున్నదట," అన్నడు.

మేస్త్రి పోయినంక మేనేజరు దశరథం దిక్కు తిరిగిండు.

"నువ్వు పెట్టిన దయ్యమే గద. ఈ రాత్రి అక్కడ నువ్వే పండుకో. నీకేం గాలేదని పొద్దుగాల కూలీలు సూడాలె. మాపటీలి మునిసిపాలిటీ మీటింగున్నది."

దశరథం దుప్పటి పరుచుకొని, కందిలి పక్కన పెట్టుకున్నడు. లేని దయ్యానికి భయమేంది అనుకున్నడు. రాత్రి షిఫ్టు సైరన్ మోగింది. ఊరు సద్దుమణిగింది. గాలికి కందిలి ఆరింది... తడుముకుంటే అగ్గిపెట్టె దొరకలే.

అప్పుడు ఇనవడ్డది.

"వచ్చినవా..."

వరండా అవుతలి కొసకు. ఊపిరంత సన్నగ.

దశరథం లేచి కూసున్నడు. నల్లటి ఆకారం ఒకటి నేలకు వంగి, బండలను చేత్తో తడుముకుంట... ఒక్కొక్క బండ దాటుకుంట... ఆయన దిక్కే వస్తున్నది.

"వచ్చినవా... ఒక్క మాట మాట్లాడు..."

చల్లటి చెయ్యి ఆయన పాదానికి తగిలింది. ఆగింది. గట్టిగ పట్టుకున్నది. ఒక్కో వేలు తడిమింది.

"కాదు..." అన్నది ఆ గొంతు. "ఈ కాలికి ఐదు వేళ్లున్నయి."

అగ్గిపుల్ల గీసిన చప్పుడు. వెలుగులో ఒక ఆడమనిషి మొకం — పోశవ్వ. గనిలో దొరకని ఇద్దరిలో ఒకడైన కొండల్ పెండ్లాం. ఆమె పక్కన రొట్టె మూట.

"దశరథం సారేనా," అన్నది. "మిమ్మల్ని కలుద్దామని రోజూ పగటిపూట ముందటి గేటు కాడికొస్తున్న. రానిస్తలేరు. మీరు సూసిండ్రట గద, మసి వట్టిన మనిషిని. కుంటుకుంట నడిసిండా? కొండల్‌కు ఎడమకాలు చిటికెనేలు బొగ్గుబండి కింద పోయింది."

దశరథం కాలు ఎనుకకు గుంజుకున్నడు.

"గోడ కట్టి మూసిండ్రు, ఇంకెట్ల బయటికొస్తడని ఏడేండ్లు ఏడ్చిన. మీరు సూసిండ్రని ఇన్నంక పాణం జర నిమ్మళమైంది. పదమూడు రాత్రుల సంది రొట్టె తెస్తున్న సారూ. ఏమన్న అడిగిండా? దూపైతున్నది నీళ్లియ్యమన్నడా?"

అగ్గిపుల్ల ఆరిపోయింది. చీకటైనందుకు దశరథం సంబురపడ్డడు. తన మొకం ఆమెకు కనవడొద్దని.

"పోశవ్వా... నేను ఎవ్వల్ని సూడలే," అన్నడు. "మిమ్మల్ని రాకుంట చెయ్యమన్నరు. అబద్ధం చెప్పిన. మీ దరఖాస్తు సుత నా బీరువాలనే ఉన్నది."

తిడతదనుకున్నడు. మన్ను తీసి మొకాన కొడతదనుకున్నడు. రొట్టె మూట ముడి బిగించిన చప్పుడు మాత్రం ఇనవడ్డది.

"అయితే ఆయన ఇంక లోపలనే ఉన్నడు," అన్నది. లేచి పోయింది.

తెల్లారి మాపటీలి మీటింగులో దశరథం ఆ దరఖాస్తు తీసి మునిసిపాలిటీ ప్రెసిడెంటు హనుమండ్లు ముందట పెట్టిండు. దయ్యం ముచ్చట సుత అందరి ముందట తన నోటితోనే చెప్పిండు. చెప్తుంటే ఆయన కండ్లు బల్ల మీదికెళ్లి లేవలే. మేనేజరు కుర్చీ జరుపుకొని దూరం కూసున్నడు. కొలువు పోయినట్టేనని దశరథానికి అప్పుడే తెలిసింది.

"ఎందుకు దాచినవయ్యా?" అని హనుమండ్లు అడిగిండు. దశరథం బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టిండు.

వరండా ఉంచాలె, పేర్లు చెక్కియ్యాలె, అట్లయితేనే ఐదంతస్తులకు మంజూరు — అని తీర్మానం రాసుకున్నరు. ఎనుక వరుసలో కూసున్న ఆడోళ్ల దిక్కు సూసి, "ఇంకేమన్న ఉన్నదామ్మా?" అన్నడు హనుమండ్లు.

పోశవ్వ లేచి నిలబడ్డది. దశరథం దిక్కు సూడలే.

"పునాది జర మెల్లగ తవ్వమనుండ్రి సారూ," అన్నది. "కింద మనుషులున్నరు."