ఊరి వెంట రాగి

2094 నాటికి జాంబియా రాగి గనుల ప్రాంతంలో ఇళ్ళకి పునాదులు లేవు, చక్రాలున్నాయి. కింద రాగి ఉందని తేలితే ఊరు కదలాలి, గని రావాలి. కసెంగా ఊరు అప్పటికి పదకొండుసార్లు కదిలింది. సైరన్ మోగగానే అక్కడి కోళ్ళు వాటంతటవే వరసలో నిలబడి కాళ్ళు కట్టించుకునేవి.

రాగి జాడ చెప్పేది తామ్రశ్రవణి. భూమిలోకి విద్యుదయస్కాంత తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని విని, అడిగినదానికి నోటితో జవాబిచ్చే యంత్రం. విచిత్రం ఏమిటంటే, కసెంగా ఎక్కడ ఆగితే అక్కడే రాగి వినిపించేది. ఊరు వెళ్ళాక తవ్వితే ఏమీ దొరికేది కాదు. శాస్త్రవేత్తలు దీనికి ‘సంచార ఖనిజ సిద్ధాంతం’ అని పేరు పెట్టారు. రెండు బహుమతులు కూడా వచ్చాయి.

పన్నెండోసారి ఖాళీ చేయించడానికి గని శాస్త్రవేత్త డాక్టర్ వకుళ తామ్రశ్రవణితో వచ్చేసరికి, ముసలి బ్వాల్య భర్త సమాధి పక్కన కూర్చుని ఉంది. ఆయన పోయి నెల.

“నేను రాను డాక్టరమ్మా. ఇంటికైతే చక్రాలున్నాయి. ఈయనకి లేవుగా?”

వకుళ యంత్రం వైపు తిరిగింది. “రాగి ఎంత లోతులో ఉంది?”

“రెండడుగులు. ప్రతి పొయ్యి కిందా. స్వచ్ఛత తొంభైతొమ్మిది పాయింట్ తొమ్మిది శాతం.”

అంత శుద్ధమైన రాగి ఏ నేలలోనూ పుట్టదు, కొలిమిలోంచే వస్తుంది.

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“ఎంత ఉందనే అడిగారు. ఎంత లోతని అడగలేదు.”

బ్వాల్య తల దించుకుంది. “మా మామగారి కాలం నుంచీ మగాళ్ళు గని కొలిమి నుంచి టిఫిన్ డబ్బాలో రోజుకో ముక్క తెచ్చేవాళ్ళు. ఊరు కదిలినప్పుడల్లా తవ్వుకుని పట్టుకెళ్తాం. వదిలేసి పోతామా మరి?”

అక్కడ పెద్దవాళ్ళని పేరుతో పిలవరు, బిడ్డ పేరుతో పిలుస్తారు. “బానా ములెంగా,” అంది వకుళ, ములెంగా తల్లీ అనే అర్థంలో, “అందరూ అది తీసి గని గేటు ముందు పడేయండి. ఎవరిదని అడగను. రేపు ఏమీ వినిపించకపోతే ఊరు ఇక్కడే ఉంటుంది.”

బ్వాల్య ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. అందరూ ఒప్పుకున్నారు. కొందరు ఏడ్చారు కూడా. సాయంత్రం బ్వాల్య తన మూట మోసుకెళ్ళి గేటు ముందు పెట్టి వచ్చింది.

మర్నాడు వకుళ అడిగింది. “ఎంత తగ్గింది?”

“ఒక్క గ్రాము తగ్గలేదు. గేటు ముందు పెట్టిన మూట ఇప్పుడు కాపలాదారు పొయ్యి కింద ఉంది.”

సైరన్ మోగింది. ఊరు కదిలింది, రాగి దాని వెంటే వెళ్ళింది. కదలకుండా ఆగిన బ్వాల్య ఇంటి కింద తామ్రశ్రవణికి ఏమీ వినిపించలేదు. ‘ఇక్కడ రాగి లేదు, తవ్వొద్దు’ అని రాసి వకుళ సంతకం చేసింది.

బ్వాల్య తన ఇంటి చక్రాలు నాలుగూ విప్పి సమాధి చుట్టూ పాతింది. ఆమె కోడి మాత్రం సాయంత్రం దాకా ఒక్కతే వరసలో నిలబడి ఉంది, కాళ్ళు కట్టేవాళ్ళ కోసం.