చెల్లెలికి టీ

భానుప్రకాష్‌కి ఆ పిల్ల మీద మొదటి రోజే అనుమానమొచ్చింది.

నరసరావుపేటలో ఫ్లెక్సులేసే షాపులకేం కరువా? అయినా వానలో తడుస్తూ, దారిలో రెండు షాపులు దాటుకుని మరీ తన ‘కొండా డిజిటల్స్’లోకే వచ్చింది. పేరు వెన్నెలట, స్కూల్లో సోషల్ చెప్తుందట. ఆగస్టు పదిహేనుకి ఎగ్జిబిషన్, ఒకే ఇంటిపేరున్న నాయకుల మీద ఫ్లెక్సు కావాలంది. తెచ్చిన ఫొటోలు చూస్తే కొండా వెంకటప్పయ్య, కొండా వెంకట రంగారెడ్డి, కొండా లక్ష్మణ్ బాపూజీ.

“ఇన్ని ఇంటిపేర్లుండగా మా ఇంటిపేరే దొరికిందా మేడమ్?” అన్నాడు భాను.

ఆమె నోరు తెరిచేలోపే కౌంటర్లో ఉన్న అంకమ్మ కళ్ళద్దాలు సవరించుకుంది. కొడుకు షాపుకి ఆడపిల్లొస్తే ఆవిడుండగా సీసీ కెమెరా దండగ.

“ఎవరి పిల్లవే నువ్వు? ఇంటిపేరేంది?”

వెన్నెల బెదిరిపోయింది. “మాదీ కొండానే... పెద్దమ్మా. ఈపూరు.”

అంతే, అంకమ్మ మొహం చాటంతయింది. “అట్టాగా! మనింటి పిల్లేనన్నమాట. ఒరేయ్ భానూ, చెల్లెలికి టీ చెప్పరా!”

భానుకి గొంతులో వెలక్కాయ పడింది. ఆ కళ్ళు సరిగ్గా చూసి నిమిషం కాలేదు, అప్పుడే చెల్లెలా?

ఆ తర్వాత చెల్లెలు రోజూ వచ్చింది. ఓ రోజు రంగు ముదిరిందని, ఇంకో రోజు బాపూజీ ఫొటో చిన్నదైందని. వస్తూనే అంకమ్మ ఉందో లేదో చూసేది. లేకపోతే నవ్వేది, ఉంటే ముడుచుకుపోయేది. చెల్లెలికి ఈ దొంగచూపులెందుకు? పోనీ అన్నయ్యా అని ఒక్కసారన్నా పిలిచిందా?

అమ్మ లేని పూట చూసి అడిగేశాడు. “ఒక డౌటండీ. ఈ ముగ్గురూ చుట్టాలా?”

“కాదు. వెంకటప్పయ్యగారిది గుంటూరు. రంగారెడ్డిగారిది హైదరాబాద్ పక్కన, ఆయన పేరు మీదే జిల్లా ఉంది. బాపూజీది ఆసిఫాబాద్ వైపు. ఇంటిపేరొక్కటేగానీ ఎవరికెవరూ ఏమీ కారు.”

“అయితే మనం కూడా ఏమీ కామన్నమాట.”

వెన్నెల చెవులు ఎర్రబడ్డాయి. “మీరు ఫ్లెక్సు సంగతి చూడండి.”

“అసలు మీరు కొండావాళ్ళేనా?”

“అనుమానమా?”

“చానా!”

గొడుగు తీసుకుని విసవిసా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

భానుకి అన్నం సయించలేదు. అనవసరంగా నోరు జారాను అనుకున్నాడు. నిజంగానే కొండావాళ్ళయితే? పెళ్ళి మాటెత్తితే అమ్మ చీపురు తిరగేసిద్ది. ఈ పిల్ల తనకిక దక్కదని తలుచుకుంటే ఏడుపొచ్చినంత పనైంది.

రాఖీ పౌర్ణమి నాడు ఫ్లెక్సు తీసుకెళ్ళడానికొచ్చింది వెన్నెల. అంకమ్మ పళ్ళెంతో సిద్ధంగా ఉంది. కుంకుమ, మైసూర్‌పాకు, మెరిసిపోయే రాఖీ.

“రావే తల్లీ, అన్నకి కట్టు.”

భాను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. “ఇంకు అంటిందమ్మా!”

“కడుక్కురా.”

“ఇది పోయే ఇంకు కాదు!”

వెన్నెల రాఖీ అందుకుంది. భాను వంక చూసింది. కళ్ళనిండా నీళ్ళు. రాఖీని మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేసింది.

“నేను కట్టలేను అత్తయ్యా.”

“అత్తయ్యేందే?”

“మా ఇంటిపేరు పోలూరి. ఆ రోజు మీరట్టా చూసేసరికి భయమేసి అబద్ధం చెప్పాను. రోజూ బస్సులోంచి ఈ బోర్డు చూస్తాను, కింద ఈయన్ని చూస్తాను. లోపలికి రావడానికి సాకు కావాలని కొండావాళ్ళనే వెతికి పట్టుకున్నాను. ఈయనంటే నాకిష్టం.”

“నాకప్పుడే అనుమానం!” అని ఎగిరి గంతేశాడు భాను.

“నీ మొహం! పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలేసి లేస్తున్నావు, నీకేం తెలుసురా?” అంది అంకమ్మ. “ఈపూరు నా పుట్టిల్లు. ఆ ఊళ్ళో కొండావాళ్ళది ఒక్క గడప లేదు. చూద్దాం, ఎన్నాళ్ళు దాస్తారో అని ఊరుకున్నా. ఇద్దరూ నోరిప్పేట్టు లేరని ఈ రాఖీ కొనుక్కొచ్చా.”

ఇద్దరూ బిత్తరపోయి చూస్తున్నారు. అంకమ్మ కుంకుమ తీసి వెన్నెల నుదుట పెట్టింది.

“పోలూరోళ్ళయితే మనకి వరస కుదిరిద్ది. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.” కొడుకు వైపు తిరిగి గదిమింది. “ఇంకా ఏందిరా ఆ చూపు? నా కోడలికి టీ చెప్పు!”