వెంకటవ్వ జ్ఞాపకార్థం

సూరత్‌లో కతర్‌గామ్ వైపు, పవర్‌లూమ్ షెడ్ల మధ్య ఒక సందు చివర, బిషప్పుగారి పాలనలో ఉన్న చిన్న గుడి ఒకటి ఉంది. ఆ గుడి వెనక వరండా పేరెత్తితే చాలు — రాత్రంతా మగ్గాల మధ్య ఒంటరిగా నిలబడే మగాళ్లు కూడా మాట మార్చేస్తారు.

వరండా దాటితే పాత సమాధులు. ఇంగ్లీషు కాలం పాదరీలవి. వాళ్ల వల్ల ఇన్నేళ్లలో ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. భయమంతా కొత్తది… అచ్చంగా మన తెలుగుది.

చీకటి పడ్డాక అక్కడ ఎవరో ఊడుస్తున్న చప్పుడు వస్తుంది. సర్… సర్… సర్… తొంగి చూస్తే ఎవరూ ఉండరు.

ఇది వరప్రసాద్ చెప్పగా విన్న కథ. ఇందులో మొదటి నుంచి చివరి దాకా వెర్రివాడయ్యేది అతనే కాబట్టి, కల్పించి చెప్పాడని అనుకోవడానికి లేదు.

వరప్రసాద్ వారమంతా మగ్గాల మేస్త్రీ, ఆదివారం సంఘానికి కార్యదర్శి. ఆ గుడిలో పొద్దున గుజరాతీ ఆరాధన జరుగుతుంది. రాత్రి ఎనిమిదికి, పగటి షిఫ్టు దిగాక, తెలుగు ఆరాధన. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల మీదికి వచ్చిన ముప్ఫై కుటుంబాలు వస్తాయి. వాళ్ల కోసం వరప్రసాద్ నెలకోసారి ‘సంఘ వార్తలు’ అని ఒక కాగితం రాసి, నోటీసు బోర్డుకు అంటించి, ఫోను గ్రూపులో కూడా పెట్టేవాడు. ఎవరి బిడ్డకు బాప్తిస్మమైంది, ఎవరి పిల్ల పది పాసైంది, గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్ట ఎప్పుడు మార్చారు — అన్నీ అందులో ఉండేవి. కానీ అతని చేయి నిజంగా తిరిగేది మరణవార్తల్లోనే. బతికుండగా ఎవరికీ పట్టని మనిషి కూడా, పోయాక వరప్రసాద్ కాగితంలో పెద్దమనిషి అయిపోయేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ వెనక వరండాలో పద్నాలుగేళ్లుగా ఉంటున్నది వెంకటవ్వ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. శనివారం రాత్రి గుడి ఊడ్చి, బెంచీలు తుడిచి, అక్కడే చాప పరచుకుని పడుకునేది. ఆగస్టులో కంటి ఆపరేషన్‌కని ఊరికి పోయింది. అక్టోబరులో ఒక వడ్రంగి టెంపోలో కొత్త టేకు బెంచీ తెచ్చి వరండాలో దింపాడు. ఆగస్టులోనే చేయమన్నారని, ఆలస్యమైందని చెప్పి వెళ్లిపోయాడు. బెంచీ వీపు మీద వంకరటింకర తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి — ‘వెంకటవ్వ జ్ఞాపకార్థం’.

మన గుళ్లలో పంకా రెక్క మీదో, గడియారం మీదో, కుర్చీ వీపు మీదో ఈ మాట ఉందంటే ఆ మనిషి సమాధిలో ఉన్నట్టే. పోయినవాళ్ల పేరున ఇంటివాళ్లు ఇస్తారు. ఇక అడగడానికేముంది? వరప్రసాద్ ఆమె తమ్ముడి కొడుకు నంబరుకు ఒక్కసారి ఫోను చేశాడు. స్విచాఫ్. దాంతో విచారణ ముగిసింది. ఆ వడ్రంగి ఆగస్టు అన్న మాట అతని బుర్రలోకి ఎక్కనే లేదు. అదే రాత్రి కూర్చుని రాసేశాడు.

“ప్రభువునందు నిద్రించిన మన వెంకటవ్వగారి చిరునవ్వు ఈ సంఘానికి వెలుగు. పద్నాలుగేళ్లు ఆమె మన పాదాల కింది దుమ్మును తన చేతులతో ఎత్తిపోసింది. ఆమె చీపురు చప్పుడు ఈ గోడల మధ్య ఇంకా వినిపిస్తూనే ఉంది.”

ఆ చివరి వాక్యం అతనికి ఎంత నచ్చిందంటే, ఆరాధనలో రెండుసార్లు చదివాడు.

మరుసటి ఆదివారమే ఆ చీపురు చప్పుడు భాగ్యలక్ష్మికి వినిపించింది. పాటల బృందాన్ని నడిపించే మనిషి, చెవులు చురుకు. తర్వాతి వారం, దీపాలు ఆర్పడానికి వెనక్కి పోయిన లింగానికి తెల్లగా ఏదో కనిపించింది. అతను చెప్పులు అక్కడే వదిలేసి వచ్చాడు. మూడో వారానికి తెలుగు ఆరాధనకు తొమ్మిది మంది మిగిలారు. వాళ్లూ ముందు వరసలో ఒకరినొకరు ఆనుకుని కూర్చుని, ఆశీర్వాదం పూర్తి కాకముందే బయటపడుతున్నారు.

అప్పుడు పాదరీ సాహెబు వరప్రసాద్‌ను పిలిపించాడు. గుజరాతీ పెద్దాయన, గొంతు పెంచే మనిషి కాదు. తొమ్మిది మంది కోసం రాత్రిపూట గుడి తెరవడం కష్టమని, వచ్చే ఆదివారం, ఏడాదికోసారి గుడి నిండే కోతపండుగకు కూడా ఇలాగే ఖాళీగా ఉంటే తెలుగు ఆరాధన ఆపేసి అందరినీ పొద్దున గుజరాతీలో కలిపేస్తానని మెల్లగా చెప్పాడు.

వరప్రసాద్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని లెక్క వేసుకున్నాడు. గుజరాతీ ఒక్క ముక్క రాని ముసలివాళ్లు ఆ గుంపులో బొమ్మల్లా కూర్చోవాలి. వారం మొత్తం సేఠ్ భాషలో బతికే జనానికి, తమ మాటలో దేవుణ్ని పిలుచుకునే చోటు అదొక్కటే. అది ఇప్పుడు తను రాసిన ఒక్క అందమైన వాక్యం వల్ల పోతోంది.

ఇంటికొచ్చి గ్రూపులో పెట్టాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు. శనివారం రాత్రి తాను ఒక్కడే ఆ వరండాలో, ఆ బెంచీ మీదే పడుకుంటాడు. గంటకోసారి క్షేమమని మెసేజ్ పెడతాడు. ఆదివారం అందరూ ధైర్యంగా రావాలి.

మెసేజ్ రాకపోతే ఏం చేయాలని భార్య విజయరాణి అడిగింది. అది అతను ఆలోచించలేదు.

శనివారం తొమ్మిదికి వరండా చేరాడు. తొమ్మిదికి ‘ప్రశాంతంగా ఉంది’ అని పెట్టాడు. పదికి ‘చాలా ప్రశాంతంగా ఉంది’ అని పెట్టాడు. పదకొండుకు, చేతులు వణికితే టైపు చేయడం కష్టమని, పన్నెండుకూ ఒంటిగంటకూ పంపాల్సినవి ముందే రాసి పెట్టుకున్నాడు.

చుట్టూ షెడ్లలో మగ్గాలు నడుస్తున్నాయి. ఆ మోత అతనికి జోలపాటతో సమానం. బెంచీ మీద కాళ్లు ముడుచుకుని, కీర్తన ఒకటి మనసులో చెప్పుకోబోతే అది మధ్యలో తప్పి కోతపండుగ ప్రకటనల్లోకి పోతోంది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పింది…

పన్నెండు కావస్తుండగా — కరెంటు పోయింది.

సందులోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మగ్గాల మనిషికి మోత అంటే భయం లేదు. మోత ఆగితేనే భయం. తన గుండె చప్పుడు తనకే వినిపిస్తోంది. దాని వెనక… ఇంకొకటి.

సర్… సర్… సర్…

గుడి లోపలి నుంచి. బలిపీఠం దగ్గర మొదలై… బెంచీల మధ్యగా… ఇటే వస్తోంది. నిదానంగా, మూలమూలా వదలకుండా.

వరప్రసాద్ లేవబోయాడు. ఫోను చేతిలోంచి జారి బెంచీ కిందికి పోయి, అక్కడి నుంచి వెలుగును నేల మీదికి విసిరింది. ఆ వెలుగులోకి మొదట చీపురు వచ్చింది. తర్వాత తెల్లచీర అంచు. తర్వాత వంగిన నడుము… పైన, అర్ధరాత్రి పూట, ముఖంలో సగాన్ని మింగేసిన నల్ల కళ్లద్దాలు.

ఆ ఆకారం చీపురును గోడకు ఆనించింది. వచ్చి బెంచీకి అటు చివర కూర్చుంది. టేకు చెక్క కిర్రుమంది.

“బెంచీ మంచిగ కుదిరిందా, బిడ్డా?” అంది లోగొంతుతో.

మంచిగానే కుదిరిందని చెప్పాననే అతను అనుకుంటాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం గాలి.

తర్వాత ఆపుకోలేకపోయాడు. పాదరీ ముందు కూడా చెప్పుకోనివన్నీ చెప్పేశాడు. “అవ్వా, తప్పయింది… పద్నాలుగేండ్లు నీ పేరు ఒక్కసారి గూడ రాయలె. పట్ట మార్చింది రాసిన గని, దాన్ని దినాం దులిపినదాన్ని రాయలె. నువ్వు పోయినంక రాసిన. అది గూడ… నీ నవ్వు నేనెప్పుడు చూసిన? అందరికి రాసినట్టే నీకు గూడ రాసిన. నన్ను ఇడిసిపెట్టు, నా జనాన్ని ఇడిసిపెట్టు. వాళ్ల గుడి పోతది.”

ఆ ఆకారం బెంచీ మీద కాస్త ఇటు జరిగింది.

“నా మీద రాసినవా?” అంది. “ఏమని?”

వరప్రసాద్ చెప్పాడు. తన వాక్యాలు తనకు కంఠతా వచ్చు, ఆ దురలవాటు ఎప్పటి నుంచో ఉంది. అయిపోయాక ఆమె మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు.

“గిదంత… నా మీదనేనా?” కొంగుతో కళ్లద్దాల కింద ఏదో తుడుచుకుంది. చీర మడతలో చెయ్యి పెట్టి, చిన్నదేదో తీసి అతని వైపు చాచింది. “సరేగని బిడ్డా, పొద్దున్నుంచి రైల్ల ఊగుడుకు సగం చెంప మీదికే పోయినయ్. జర గీ సుక్కలు కంట్ల ఎయ్యి.”

అది కంటి మందు సీసా. మూత మీద మందుల షాపు చీటీ ఇంకా అంటుకుని ఉంది.

చుక్కల మందు అడిగే దెయ్యం గురించి వరప్రసాద్ ఎక్కడా వినలేదు. ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉంది. కొంగు నుంచి రైల్లో అమ్మే పల్లీల వాసన వస్తోంది. అంతలో కరెంటు వచ్చి సందులోని మగ్గాలన్నీ మళ్లీ అందుకున్నాయి. సిగ్గుతో అతనికి నేల చీలితే బాగుండుననిపించింది.

రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేసే సరికి నెలలు పట్టిందట. తమ్ముడి కొడుకు నంబరు మార్చాడట. కోతపండుగకు అందుకోవాలని బయల్దేరితే రైలు ఆలస్యమైంది, వచ్చేసరికి శనివారం రాత్రి. సామాను ముందు వసారాలో పెట్టి, వరప్రసాద్ తెరిచి వదిలేసిన తలుపులోంచి చూస్తే గుడి నిండా దుమ్ము. భాగ్యలక్ష్మి విన్నది, లింగం చూసింది ఏమిటంటే — అది వరప్రసాద్ రాసింది తప్ప ఇంకేమీ కాదు.

మరి బెంచీ మీద ఆ మాట ఎందుకు చెక్కించావని అడిగాడు.

“నాకు ముందెనక ఎవలున్నరు, బిడ్డా? ఈ గుడిల అందరి పేరు ఏదో ఒకదాని మీద ఉన్నది. నేను సచ్చినంక నా పేరు ఎవలు ఏపిస్తరు? అందుకే కండ్లు గిట్ల ఎటో అయితయేమోనని, ఊరికి పొయ్యేముందే ఏపిచ్చుకున్న.”

అతను బోర్డు మీది కాగితం చింపేస్తానని, రేపే తప్పు దిద్ది రాస్తానని లేచాడు. ఆమె కూర్చోమంది.

“దిద్దకు. రేపు అందరి ముందట సదువు, నేను ఇనాలె. గా నవ్వు సంగతి మాత్రం తీసెయ్యి. గుడిల అబద్ధమెందుకు?”

ఆదివారం రాత్రి గుడి నిండిపోయింది. ధైర్యం వచ్చి కాదు. పన్నెండు గంటల మెసేజ్ రాకపోయేసరికి, వరప్రసాద్ ఏమయ్యాడో చూద్దామని ముప్ఫై కుటుంబాలూ వచ్చాయి. వరండా నుంచి తలుపు దగ్గరికి తెచ్చి వేసిన టేకు బెంచీ మీద కూర్చున్న వెంకటవ్వను చూసి సగం మంది వెనక్కి తిరిగారు. మిగతా సగం లోపలికి వస్తూ ఉండటంతో ఎవరూ ఎటూ పోలేకపోయారు. భాగ్యలక్ష్మి మెల్లగా వచ్చి ఆమె భుజం మీద వేలు పెట్టి చూసి, అక్కడే కూలబడి ఏడ్చేసింది. వరప్రసాద్ నిలబడి, దెయ్యాన్ని గుడిలోకి తెచ్చింది తన రాతేనని ఒప్పుకుని, నవ్వు తీసేసి మిగతాదంతా చదివాడు. పాదరీ సాహెబుకు తెలుగు రాదు. నిండిన బెంచీల వైపు ఒకసారి చూసి, వచ్చే ఆదివారం రాత్రి గుడి తాళం ఎవరి దగ్గర ఉంటుందని మాత్రం అడిగాడు.

ఆరాధన అయ్యాక ముసలివాళ్లంతా వరప్రసాద్‌ను చుట్టుముట్టారు. తమ మరణవార్తలు కూడా ఇప్పుడే రాయాలి, తాము వినాలి, ఎక్కడైనా తప్పుంటే చెప్పాలి. పోయినవాళ్లు తిరిగొచ్చి అభ్యంతరం చెప్పరన్న ధీమాతో ఇన్నేళ్లు రాసిన మనిషికి చెమటలు పట్టాయి. అందరికీ సరేనన్నాడు.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక విజయరాణి ఒక తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది.

“ఏమయ్యా, నాది గూడ రాయి. పొద్దుగాల్ల సదువుకుంట” అని లోపలికి వెళ్లి పడుకుంది.

వరప్రసాద్ నవ్వుకుంటూ పెన్ను మూత తీశాడు. ‘విజయరాణి’ అని పైన రాసి గీత గీశాడు. ఇరవై రెండేళ్ల కాపురం, దీనికెంతసేపు?

ఆమెకు ఏది ఇష్టం… గుర్తు రాలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఏ పాట పాడుకుంటుంది… తెలియదు. ఆమె చివరిసారి దేని కోసం ఏడ్చింది… ఎప్పుడైనా ఏడ్చిందా? గోడ గడియారం ఒంటిగంట కొట్టింది. రెండు కొట్టింది. కాగితం మీద పేరు ఒక్కటే ఉంది. లోపల ఆమె మేలుకునే ఉంది, గాజులు కదిలినప్పుడల్లా తెలుస్తోంది.

ఆ రాత్రి పట్టిన వణుకు వరండాలో కూడా పట్టలేదని అతనే చెబుతాడు.