నాలుగు చావులూ ఒక చుక్కల మందూ

నాలుగో మనిషి గోడౌన్ మెట్ల మీంచి జారిపడి చనిపోయాడు. జారిపడ్డాడని ఆఫీసు రాసుకుంది. సీక్రెట్ సర్వీసులో ఇరవయ్యారేళ్ళు పనిచేసి, ఇంకో రెండు నెలల్లో రిటైరవబోతున్న మనిషి. డిపార్ట్‌మెంటంతా ఆయన్ని తాతయ్య అనేది. పిల్లి కూడా ఆయన దగ్గర నడక నేర్చుకోవాలి, అలాంటివాడు మెట్లు దిగడం చాతకాక చచ్చాడట! అంతకు ముందు మూడు వారాల్లో ఒకడు మేడ అంచు చూసుకోక కిందికి పోయాడు. ఒకడు షిప్‌యార్డులో ఖాళీ ట్యాంకులోకి అడుగేశాడు. ఇంకొకడు చీకటి గదిలో రెండు గజాల దూరంలో నిలబడ్డ హంతకుణ్ణి చూడలేకపోయాడు. నాలుగు ఫైళ్ళ మీదా ఒకటే మాట: అజాగ్రత్త వల్ల మరణం.

ఆ మాట చదివినప్పుడల్లా మిరపకాయకి అరికాలి మంట నెత్తికెక్కేది.

మిరపకాయ అతని కోడ్ నేమ్ కాదు. రికార్డుల్లో అతను ఏజెంట్ పంతొమ్మిది. కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అందరూ వెనకాల అలా పిలుస్తారు. మొహం మీద పిలిచే ధైర్యం చీఫ్ ఒక్కడికే ఉంది.

"రా, మిరపకాయా. కూర్చో," అన్నాడు చీఫ్ ఆ ఉదయం పదింపావుకి.

మిరపకాయ కూర్చోలేదు. గొడుగులు బాగుచేసేవాడి వేషంలో వీధి మూల నుంచి తిన్నగా వచ్చాడు. చంకలో పాత గొడుగు ఉంది. దాని పిడిలో ఫ్లాష్ బల్బు ఉంది. మీట నొక్కితే పట్టపగల్లాంటి వెలుగు ఒక్క క్షణం వస్తుంది. అది ఫొటోలకి.

చీఫ్ పక్కన ఆఫీసు కంటి డాక్టరు కూర్చుని ఉంది. ఆవిడ లోపలికొస్తే గుమాస్తాలు ఆవిడ్నే చూస్తూ ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుంటారు. ఎర్రద్దాల కళ్ళజోడు గదిలో కూడా తియ్యలేదు. ఆ ఫ్యాషన్ చూసి టైపిస్టులు ముగ్గురు అలాంటివే కొనుక్కున్నారు.

"విను," అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతలి కాటుక గ్యాంగ్ మళ్ళీ కదిలింది. వాళ్ళ మనిషి మన మధ్యే ఉన్నాడు. ఈలోగా మధ్యాహ్నం పన్నెండింటికి నేనో ఆర్డరు మీద సంతకం పెడుతున్నాను. సరిహద్దులో చీకట్లో కాపలా కాసే ఆరువేల మంది కళ్ళలోనూ రోజుకి రెండు చుక్కలు. మన డాక్టరుగారి నైట్ డ్రాప్స్. మీ బ్యాచ్ వాళ్ళందరూ ట్రయల్‌లో వేసుకున్నారుగా."

"నేనూ వేసుకుంటున్నాను."

"ఆ మందు చెడ్డదని కంటిరంగుల లేబరేటరీ నుంచి మూడు ఉత్తరాలొచ్చాయి. రుజువు ఒక సీసాలో ఉందట. మొన్న సేఫులోంచి ఆ సీసా పోయిందట. సేఫు తాళంచెవి ఉన్నది ఉత్తరాలు రాసినావిడ దగ్గరే. కాటుక మనిషి ఆవిడే అని నా అనుమానం. అరెస్టు చేసి తీసుకురా."

"ఆవిడ మా అక్క సార్."

"అందుకే నిన్ను పంపుతున్నాను. నీకైతే తలుపు తీస్తుంది."

ఇంత మాట అని ఆ పెద్దమనిషి కాఫీ తాగి, కప్పు ఆ ఉత్తరాల మీదే పెట్టాడు. మిరపకాయ పళ్ళు పటపటలాడాయి.

డాక్టరు మెత్తగా నవ్వింది. "నేనూ వస్తాను. ఇంకో సీసా ఉందని చెబుతోందట, పరీక్ష చెయ్యాలిగా. పోయినదాని గురించి బెంగక్కర్లేదు, చీఫ్. పసుప్పచ్చ నీళ్ళు, అంతే."

*

లేబరేటరీ ఊరి చివర ఓ నేలమాళిగలో ఉంది. పొడుగాటి వరండాలో దీపాలు పలచగా ఉన్నాయి. మూడు వారాలుగా మిరపకాయకి ఇలాంటి చోట్ల వాటికీ వీటికీ తగిలి మోకాళ్ళు చితికిపోతున్నాయి. వయసు మీదపడిందనుకున్నాడు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోతే తన ఇంట్లోనే అడుగులు లెక్కపెట్టుకుంటూ, గోడలకి తగిలి తిరిగొచ్చే అడుగుల చప్పుడు వింటూ నడవడం నేర్చుకున్నాడు. ఇక్కడా అంతే నడిచాడు.

డార్క్ రూముకి రెండు తలుపులు. బయటిది మూస్తే గాని లోపలిది తియ్యకూడదు. అతను మూడుసార్లు తట్టాడు.

"వెలుగు?" అంది లోపలి గొంతు.

"బయటే వదిలాం."

అది అక్కడి కోడ్ వర్డ్. గడియ తీసిన చప్పుడైంది. లోపల చిన్న ఎర్రదీపం తప్ప మిరపకాయకి ఏమీ కనపడలేదు. డాక్టరు కళ్ళజోడు తీసి మడిచి, చకచకా నడిచి వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డ అలికిడి వినిపించింది. అతను మాత్రం స్టూలు తన్నుకుని బోర్లా పడ్డాడు.

"కళ్ళు నెత్తి మీద పెట్టుకొచ్చావుట్రా?"

"నిన్ను అరెస్టు చెయ్యడానికి వచ్చానక్కా."

"ముందు ఆ స్టూలు లేపు. తర్వాత అరెస్టు." అంతలోనే అక్క గొంతు మారింది. "నా వేళ్ళు ఎన్ని?"

"ఎక్కడ?"

ఆవిడ బల్ల మీద అరచేత్తో ఒక్కటేసింది.

"ఆ చుక్కలు నువ్వు కూడా వేసుకుంటున్నావా? మూడు ఉత్తరాలు రాశాను! మనుషులు చస్తారని రాశాను! ఒక్క వెధవ చదవలేదా?"

"నాకెవరూ చూపించలేదక్కా."

"అయితే ఇప్పుడు విను. కంటి లోపల చీకట్లో చూసే కణాలుంటాయి. వాటిలో ఒక రంగు ఉంటుంది. ఒక ప్రొటీనూ, దానిలో ఇమిడిన చిన్న విటమిన్ ఎ ముక్కా కలిస్తే ఆ రంగు. ఆ ముక్క మడతపెట్టినట్టు వంగి ఉంటుంది. వెలుగు తగిలిందా, మడత విప్పుకుంటుంది. ఆ కుదుపే మనకి చూపు. కానీ అక్కడితో రంగు పోతుంది. ఆ ముక్కని మళ్ళీ మడతపెట్టి పెడితేనే రంగు తిరిగొస్తుంది. ఎండలోంచి చీకట్లోకొస్తే కళ్ళు కుదురుకోవడానికి అరగంట పట్టేది అందుకే. మడతపెట్టే పని ఒక ఎంజైముది. నీ దిక్కుమాలిన చుక్కలు ఆ ఎంజైము చేతులు కట్టేస్తున్నాయి. పగలు బాగానే కనిపిస్తుంది, క్లినిక్కులో బోర్డు మీద అక్షరాలన్నీ చదువుతావు. చీకట్లో మాత్రం గుడ్డివాడివి."

చచ్చిన నలుగురూ ఆ చుక్కలు వేసుకున్నవాళ్ళే. మెట్లు, మేడ, ట్యాంకు, హంతకుడు. తాతయ్య చివరి నిమిషంలో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక చెయ్యి చాపి ఉంటాడు. దానికి అజాగ్రత్త అని పేరు పెట్టారు.

"ఆ రంగునే సీసాలోకి తీశాను," అంది అక్క. "ఏడు నెలల పని. పోయినది కాక ఇదొక్కటే మిగిలింది, ఇదిగో నీ ముందే కాగితం విప్పి ఉంది. నిండు గులాబీ రంగు. వెలుగు తగిలితే తప్ప పసుప్పచ్చగా మారదు. మొదటి సీసాని నేను నల్లకాగితం చుట్టి సేఫులో పెట్టాను. ఎత్తుకుపోయినవాడు బయట విప్పి చూసుంటే, వాడికి మాత్రం పసుప్పచ్చ నీళ్ళే కనపడి ఉంటాయి."

మిరపకాయ మెల్లగా లేచాడు.

"డాక్టరుగారూ, పొద్దున ఆ సీసాలో నీళ్ళు ఏ రంగన్నారు?"

జవాబుగా ఎర్రదీపం ఆరిపోయింది. పిస్తోలు సేఫ్టీ తీసిన చప్పుడు వినిపించింది.

"తెలివైనవాడివే," అంది డాక్టరు. గొంతులో ఇప్పుడు నవ్వు లేదు. "కదలకు. నాకు నువ్వు కనపడుతున్నావు."

అబద్ధం కాదు. ఆవిడ చేతి గడియారం అంకెలకి పూసిన మెరుపు చాలు. మామూలు కళ్ళకది ఉందో లేదో కూడా తెలియదు.

"ఎర్రద్దాలు!" అంది అక్క, పళ్ళు కొరుకుతూ. "ఎర్ర వెలుగుకి ఆ రంగు చెక్కుచెదరదురా. పొద్దుట్నించీ కళ్ళు చీకటికి సిద్ధం చేసుకుని వచ్చింది ఈ మహాతల్లి."

"ముందు అక్క, తర్వాత తమ్ముడు," అంది డాక్టరు. "అరెస్టుకి ఎదురుతిరిగారని రాస్తాను. మీ చీఫ్ చదవకుండానే సంతకం పెడతాడు."

మిరపకాయ బొటనవేలు గొడుగు పిడి మీదికి చేరింది. నొక్కితే బల్ల మీద కాగితం విప్పిన సీసా ఏమవుతుందో ఇప్పుడే విన్నాడు. నొక్కకపోతే అక్క ఉండదు. కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కాడు.

తెల్లటి వెలుగు గదినంతా కొట్టింది. చీకటికి సిద్ధపడి విప్పారిన డాక్టరు కళ్ళలో ఉన్న రంగంతా ఒక్క దెబ్బకి తుడిచిపెట్టుకుపోయింది. ఆవిడ కేక పెట్టి పేల్చిన గుండు ఎక్కడో గాజుని పగలగొట్టింది. ఇప్పుడు ఆ గదిలో ముగ్గురూ గుడ్డివాళ్ళే. కానీ మూడు వారాలుగా గుడ్డితనంతో కాపురం చేస్తున్నవాడు ఒక్కడే. నాలుగడుగులు, ఎడమకి తిరిగితే బల్ల అంచు, అక్కణ్ణించి ఊపిరి చప్పుడు. ఆవిడ మణికట్టు దొరికింది. పిస్తోలు నేల మీద పడింది.

అక్క తడుముకుంటూ వెళ్ళి పెద్ద దీపం వేసింది. ముగ్గురూ కళ్ళు చికిలించారు. సీసాలో గులాబీ రంగు ఛాయలు కూడా లేవు. అడుగు దాకా పసుప్పచ్చ.

"ఏడు నెలలు," అంది అక్క. అంతే అంది.

గోడ గడియారంలో పదకొండూ యాభై ఆరు.

*

మిరపకాయ డాక్టరు చేతులు గొడుగు గుడ్డతో కుర్చీకి కట్టి, లేబ్ ఫోను ఎత్తాడు.

"సంతకం ఆపండి సార్. కాటుక మనిషి మీ డాక్టరే. మమ్మల్ని కాల్చబోయింది."

"పిస్తోలు నేనే ఇచ్చాను," అన్నాడు చీఫ్. "ఎదురుతిరిగితే కాల్చమన్నదీ నేనే. సాక్ష్యం?"

"సీసా పాడైపోయింది."

"బావుంది. అక్క మాట, తమ్ముడి మాట. ట్రక్కుల్లో మందు ఎక్కించేశారయ్యా, పన్నెండు కొడితే బయల్దేరతాయి." పెన్ను మూత తీసిన చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది.

"నలుగురు చచ్చారు సార్! మీ బల్ల మీద మూడు ఉత్తరాల మీద కాఫీ కప్పు పెట్టుకుని కూర్చున్నారు మీరు! అజాగ్రత్త ఎవరిది?"

"గొంతు తగ్గించు, మిరపకాయా."

డాక్టరు కుర్చీలో నిమ్మళంగా కూర్చుని వింటోంది. ఆ నిమ్మళం చూసి అక్కకి ఒళ్ళు మండింది. డాక్టరు హ్యాండ్‌బ్యాగు లాగి బల్ల మీద దులిపింది. నీలం సీసా దొర్లింది. నైట్ డ్రాప్స్. అక్క ఒక చేత్తో డాక్టరు తల వెనక్కి వంచి, పసిపిల్లకి మందు వేసినట్టు బొటనవేలితో రెప్ప పైకి లేపింది.

"ఫోను ఈవిడ నోటి దగ్గర పెట్టరా."

పెట్టాడు.

"చీఫ్‌గారూ, మీ డాక్టరమ్మ కళ్ళకి ఇప్పుడే వెలుగు దెబ్బ తగిలింది. రంగంతా పోయింది. మీ మందు మంచిదేగా. రెండు చుక్కలు వేస్తున్నాను."

డాక్టరు పెదవులు బిగించింది. సీసా ముక్కు దగ్గర చుక్క పేరుకుంది, లావైంది. గడియారంలో పెద్దముల్లు చిన్నముల్లు మీదికి ఎక్కుతోంది. చుక్క వణికింది.

"వద్దు!" డాక్టరు అరుపుకి ఫోను గరగరమంది. "వద్దు, తియ్యండి! రంగు పోయిన కంట్లో అది పడితే ఆర్నెల్లు చీకట్లో ఏమీ కనపడదు! ఆ ముసలాడు మూడు వారాలకే మెట్లు చూడలేకపోయాడు, నేను సరిహద్దు ఎలా దాటను!"

ఫోనులోంచి పన్నెండు గంటలు కొట్టడం వినిపించింది. అక్క సీసా పక్కన పెట్టింది. ఒక్క చుక్కా వెయ్యలేదు.

"సార్?" అన్నాడు మిరపకాయ. "పెట్టేశారా?"

"మొదటి అక్షరం పడింది," అన్నాడు చీఫ్. "రెండోది పడలేదు."

*

సాయంత్రం చీఫ్ ఇద్దర్నీ పిలిపించాడు. ట్రక్కులు వెనక్కొచ్చాయి. డాక్టరు ఇచ్చిన పేర్లతో కాటుక గ్యాంగ్‌లో, సేఫుకి దొంగ తాళంచెవి చేసినవాడితో కలిపి, ఏడుగురు దొరికారు. చుక్కలు మానేస్తే ఆర్నెల్లలో తమ్ముడి చూపు కుదుటపడుతుందని అక్క చెప్పింది. సీసా మళ్ళీ మొదలుపెట్టాలి, దానికి ఏడు నెలలు.

మిరపకాయ నాలుగు ఫైళ్ళు బల్ల మీద పడేశాడు. "అజాగ్రత్త అన్న మాట కొట్టెయ్యండి."

"కొట్టేస్తే, మరి అజాగ్రత్త ఎవరిదని పైవాళ్ళు అడుగుతారయ్యా."

"అడగనివ్వండి."

చీఫ్ అతని మొహం చూశాడు, అక్క మొహం చూశాడు. పెన్ను తీసి నాలుగు చోట్లా కొట్టేశాడు. తాతయ్య ఫైలు దగ్గర గీత వంకరగా వచ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, వచ్చే నెల హాల్లో అందరి ముందూ మిరపకాయకి మెడల్ ఇస్తామన్నాడు.

"ఇస్తే ఈ ఆర్నెల్లలోపే, దీపాలన్నీ ఆర్పేసి ఇవ్వండి సార్," అన్నాడు మిరపకాయ. "మీ మొహం చూడాల్సిన పని తప్పుతుంది."