మలుపు దీపం దగ్గర నిచ్చెన

ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో గానీ, ఆ సందు మలుపులోని పోత ఇనుప దీపస్తంభానికి చెడ్డపేరున్న మాట మాత్రం నిజం. కరెంటు లేని రోజుల్లో దాన్ని వెలిగించేవాడు నిచ్చెన జారి అక్కడే పోయాడట. కింద పట్టుకున్నవాడు మధ్యలో వదిలేశాడట. అప్పటినుంచి చీకటి పడితే అక్కడ ఎవరో సాయం అడుగుతారని...

పీకించేద్దామంటే కుదరదు. పాతకాలపు సొత్తు, చిల్లు కూడా పెట్టకూడదని రాసిన రేకును అలాంటి ప్రతి స్తంభానికీ చిల్లు పెట్టి మరీ బిగించారు.

వాటి మరమ్మతులు మా కరెంటు బాబాయివి. ఆయన నిచ్చెన ఎక్కితే కూతురు పిచ్చుక కింద పట్టుకునేది. "ఎక్కినవాడి కాలు నేలకి ఆనేదాకా వదలకూడదే" అని చిన్నప్పుడే నేర్పాడు.

ఒకసారి మలుపు దీపం అద్దం పగిలితే, పైనున్న లాంతరు మొత్తం విప్పి ఇంటికి తెచ్చాడు. అక్కడ మొండి స్తంభం మిగిలింది. కొత్త అద్దం బిగిస్తూ తలెత్తేసరికి చీకటి పడిపోయింది. బట్టలు కుట్టే షెడ్డు నుంచి పిచ్చుక వచ్చే దారి అదే. టార్చి పట్టుకుని పరుగెత్తాడు.

సందు మొదట్లో నిలబడి పిలిచాడు. "పిచ్చుకా..."



మళ్ళీ పిలిచాడు. చీకట్లోంచి చెప్పుల చప్పుడు... పిచ్చుకే. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఇటునుంచి వచ్చావేంటి నాన్నా?" అంది నెమ్మదిగా.

"మరెటునుంచి రావాలే?"

"దీపం దగ్గర నిచ్చెన మీదున్నావుగా. పట్టుకోమంటే పట్టుకున్నాను. ఆ తర్వాత ఎంత పలకరించినా ఉలకవు, పలకవు. పొద్దున్న మనం పోట్లాడుకున్నది ఇంకా మనసులో పెట్టుకున్నావేమో అనుకున్నా."

బాబాయి టార్చి ఆమె చేతుల మీద వేశాడు. రెండు అరచేతుల నిండా మసి.

"ఎక్కినవాడు... దిగాడా?"

పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది.

"లేదు. నీ గొంతు ఇటు వినపడేసరికి... వదిలేసి వచ్చాను."

అప్పుడు వినపడింది — మలుపులో, ఇనుము మీంచి కర్ర నిచ్చెన జారుతున్న చప్పుడు... ఆ వెనకే, ఏదో బరువుగా నేలను తాకిన చప్పుడు.

బాబాయి ఆ పని మానేశాడు. పిచ్చుక మాత్రం ఇప్పటికీ చీకటి పడితే కిటికీ ఊచో, తలుపు గడియో రెండు చేతులా పట్టుకుని కూచుంటుంది. తెల్లారేదాకా వదలదు.

ఇంతకీ ఆ పిల్లని పిచ్చుక అనేవాళ్ళమా, గువ్వ అనేవాళ్ళమా? చెల్లీ, నేను రాసిన ఇది నలుగురికీ చూపించే ముందు పేర్లు నువ్వొకసారి చూసిపెట్టు.