పద్దెనిమిదో మెట్టు

గద్వాల స్టేషన్ వెనక ఒక బంగ్లా ఉండేది. దయ్యాల బంగ్లా అనేటోళ్లు. కిటికీలు ఎన్నడూ తెరవరు. లోపల పుర్రె ఉన్నదని, నల్లగుడ్డలు కట్టి పేర్లు పిలుస్తరని, ఎవరి పేరు పిలిస్తే ఆ మనిషి దక్కడని... చీకటి పడితే మగ్గాలోళ్లు గూడ ఆ దారి విడిచి, చుట్టు తిరిగి పోయేటోళ్లు.

నాకు భయం లేకుండె. మా ఆయన అనంతయ్య చీరల వ్యాపారి, అందులో మెంబరు. అది ఫ్రీమేసన్ల లాడ్జి, ఒట్టేసుకొని గుట్టుగ కూడే ఒక సంఘం. అండ్ల ఒక్కో హోదాకు ఒక్కో మెట్టు, ఆయన పద్దెనిమిదో మెట్టు దాకా ఎక్కిండు. లోపల ఏం చేస్తరని అడిగితే నవ్వేటోడు.

"ఒట్టేసిన్నే. చెప్పొద్దు."

ఒక్కసారి మాత్రం జర చెప్పిండు. ఆ మెట్టు రెండు వందల ఏండ్ల కింద ఫ్రాన్సు దేశంలో పుట్టిందట. పోగొట్టుకున్న ఒక మాటను వెతుక్కుంట నల్లగదిల నడవాలట. చివరికి దొరికేటివి మూడు — నమ్మకం, ఆశ, దయ.

"గింతేనా? గీ మాత్రానికి పుర్రె ఎందుకు?" అన్న.

"పుర్రె లేకుంటే ఆ మూడు ఎవడు యాదుంచుకుంటడే" అన్నడు.

ఎనభై మూడులో చీరల మూట తీసుకొని కర్నూలుకని పోయిండు. తిరిగి రాలేదు. మూడేండ్లు... ఒక్క ఉత్తరం లేదు. లాడ్జికి పెద్ద, డాక్టరు సారు. ఆయన ఇంటికి నాలుగుసార్లు పోయిన. "తెల్వదమ్మా" అని నేల చూసేటోడు. ఉన్నడా, లేడా — నాకు కావాల్సింది ఆ ఒక్కటే.

ఎనభై ఆరు. గుడ్ ఫ్రైడే ముందటి రాత్రి. మా బిడ్డ కమల కుట్టు నేర్చుకోను పోయి, ఆలస్యమైందని అడ్డదారిన వచ్చింది. పదిహేడేండ్లది. వచ్చుడు వచ్చుడే గోడకానుకొని కూలబడ్డది.

"అమ్మా... బంగ్లా తలుపు సందు తెరిచుండె..."

లోపల అంతా నలుపట. కొవ్వొత్తులు బారుగా వెలుగుతున్నయట. చుట్టూ మనుషులు — ముఖాలు కనబడలేదు. ఒక గొంతు పేరు పిలిచిందట. జవాబు లేదు. మళ్లా పిలిచింది. లేదు. మూడోసారి పిలిచి... ఎవరో వంగి ఒక కొవ్వొత్తి ఆర్పిండట.

"ఏం పేరే?"

"నాయిన పేరు."

తలుపు గడియ పెట్టుకొమ్మని చెప్పి బయలుదేరిన.

నేను పోయేసరికి అందరు వెళ్లిపోయిండ్రు. గేటు కాడ వాచ్‌మన్ అబ్రహాం ఒక్కడే బీడీ తాగుతుండు.

"గీ యాళ్లకు ఎందుకొచ్చినవక్కా?"

"ఆయన పేరు ఎందుకు పిలిచిండ్రు?"

చేతిలో బీడీ ఆరిపోయింది.

"ఆళ్లందరికి ఒట్టున్నది. నేను ఒక్క మెట్టు గూడ ఎక్కలే. నాకే ఒట్టు లేదు" అన్నడు మెల్లగ. "ఏడాదికొక్కసారి పిలుస్తరక్కా... ఆ ఏడు కాలం చేసినోళ్లను."

గేటు పట్టుకున్న.

"ఏడ?"

"గోపాల్‌పేట దారిల, ఒక చేన్ల కొట్టంల ఉండె. పెద్దరోగం, కుష్ఠు... వేళ్లు పోయినయి. డాక్టరు సారే మందులు కొంచబోతుండె. మొన్నటి దసరాకు జొరమొచ్చింది, దాంతోనే పోయిండు. రోగం సంగతి ఇంట్ల తెలిస్తే ఊర్ల తెలుస్తది, బిడ్డకు పెండ్లి గాదు... చెప్పొద్దని లాడ్జోళ్లందరితోని మాట తీసుకున్నడు."

గోపాల్‌పేట. బస్సెక్కితే రెండు గంటలు.

"ఆదివారం, ఈస్టరు నాడు, ఆ కొవ్వొత్తులు మల్ల వెలిగిస్తరక్కా" అన్నడు అబ్రహాం. "ఆయనది గూడ."

ఇంటి దారి పట్టిన.

కమల మేలుకొనే ఉంది. దుప్పటి కప్పుకొని, తలుపు దిక్కే చూస్తున్నది.

"అమ్మా... దయ్యమేనా?" అన్నది.

దాని ముఖం చూసిన.

"అవు" అన్న. "దయ్యమే. ఇంక ఆ దారిన రాకు. ఎవరితోని అనకు."

తెల్లారి లేచి, అద్దం ముందు నిలబడి, రోజూ పెట్టుకున్నట్టే బొట్టు పెట్టుకున్న.